బస్టాండు బెంచీ నుంచి తహసీల్దారు ఆఫీసు దాకా: బైండోవర్ దారిలో నా అనుభవం

తిరుపతిలో రాత్రి పూట రోడ్డు మీద ఊరికే నిలబడితే నేరం అని చెప్పే సెక్షను ఏదీ లేదు. హైదరాబాదు పాతబస్తీలో అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను ‘ఆపరేషన్ చబుత్రా’ అంటూ వ్యాన్లు ఎక్కించిన వీడియోలు చూసి ఇక్కడా అదే చట్టం ఉందనుకునేవాళ్లు చాలామంది. అక్కడి పోలీసులకున్నది నిజాం కాలం నాటి, అప్పటి ఫసలీ లెక్కలో 1348వ సంవత్సరపు సిటీ పోలీస్ చట్టం. అది తిరుపతికి వర్తించదు. ఇక్కడ కమిషనరేటు కూడా లేదు. పోలీసు ఎస్పీ కింద ఉంటే, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అధికారం తహసీల్దారు, ఆర్డీవోల చేతిలో ఉంటుంది.

మరి అర్ధరాత్రి బస్టాండు దగ్గర దొరికిన మనిషి మర్నాడు ఎక్కడో సంతకం పెట్టి బయటికొస్తున్నాడే, అది దేని కింద? చాలాసార్లు బైండోవర్ కింద, అంటే ఇకమీదట బుద్ధిగా ఉంటానని తహసీల్దారు ముందు బాండు రాయించుకోవడం. పారా లీగల్ వలంటీరుగా ఇలాంటివాళ్ల వెంట స్టేషనుకూ తహసీల్దారు ఆఫీసుకూ తిరిగే పని నాది. ఆ దారిలో ఏ మెట్టు దగ్గర ఏం జరుగుతుందో, ఎక్కడ కాలు జారుతుందో చూసినంత రాస్తున్నాను.

ముందు ఎవరిని ఆపుతారో చెప్పాలి. మామూలు ఊళ్లో రాత్రి రెండింటికి వందలమంది రోడ్డు పక్కన పడుకుంటే వింత. తిరుపతిలో అది రోజువారీ సంగతి. సర్వదర్శనం టోకెన్ల కోసం రైల్వేస్టేషను ఎదురుగా విష్ణునివాసం దగ్గర, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం దగ్గర, అలిపిరి భూదేవి కాంప్లెక్సు దగ్గర జనం తెల్లవార్లూ ఉంటారు. ఆ గుంపులోనే జేబుదొంగలుంటారు, దర్శనం దళారులుంటారు. కాబట్టి పోలీసులు తనిఖీ చేయడంలో తప్పేమీ లేదు, చేయకపోతేనే తిట్టుకోవాలి. కాకపోతే గుండు కొట్టించుకుని, పిల్లలతో, సంచులతో ఉన్న కుటుంబాన్ని ఎవరూ అడగరు. ఒంటరి మగవాడు, చేతిలో సంచి లేదు, టోకెను లేదు, ఫోన్లో చార్జింగు లేదు, అతన్నే అడుగుతారు. హోటల్లో సప్లయరు పని ముగించుకుని నడిచి పోయేవాడు, కోచింగు సెంటరు రూములో నిద్ర పట్టక టీకి బయటికొచ్చినవాడు, కుప్పం నుంచో పుంగనూరు నుంచో పనికోసం వచ్చి లాడ్జికి డబ్బుల్లేక బెంచీ మీద ఒరిగినవాడు, నా దగ్గరికొచ్చే కేసులు ఎక్కువగా వీళ్లవే.

ఆపినప్పుడు అడిగే ప్రశ్నలు రెండే. “యాడ నుంచి వస్తాండావు? ఈ టయంలో ఇక్కడేం పని?” జవాబు పొడుగు కాకూడదు. పేరు, సొంతూరు, ఇప్పుడు ఉంటున్న చోటు, ఇక్కడికొచ్చిన పని, ఈ నాలుగూ ఒకే ఊపిరిలో చెప్పేయాలి. ఎక్కువమంది తడబడేది చిరునామా దగ్గరే. నోటితో ఎం.ఆర్.పల్లి అంటాడు, ఆధార్ కార్డులో పీలేరు ఉంటుంది. రెంటికీ పొంతన లేదని అక్కడే అనుమానం మొదలవుతుంది. “సొంతూరు పీలేరు సార్, రూము ఎం.ఆర్.పల్లిలో” అని ముందే అంటే ఆ ముడి పడదు. ఆర్టీసీ టికెట్టు, దర్శనం టోకెను, రుయా ఆసుపత్రి ఓపీ చీటీ, స్విమ్స్‌లో పేషెంటుకు తోడు ఉండే పాసు, పనిచేసే హోటలు ఓనరు నంబరు, వీటిలో ఏది ఉన్నా చూపించాలి. భయపడి దొంగ పేరు చెప్పడం అన్నిటికన్నా చెడ్డది. ఆ తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. రోడ్డు మీద సెక్షన్లు వాదించడం కూడా దండగ. వాదిస్తే రిపోర్టులో “పొంతన లేని సమాధానాలు చెప్పాడు” అనే వాక్యం చేరుతుంది, అంతే.

వేలిముద్రల యంత్రం ముందు పెడితే వేలు పెట్టాలా వద్దా అని అడుగుతారు. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం వేలిముద్రలు తీసుకోగలిగింది శిక్ష పడినవాళ్లవి, అరెస్టయినవాళ్లవి, బైండోవర్ ఉత్తర్వు పడినవాళ్లవి. ఊరికే ఆపిన మనిషి ఆ జాబితాలో లేడు. కానీ రోడ్డు మీద కాదంటే స్టేషనుకు రమ్మంటారు. పాత కేసులేవీ లేనివాడికి నేను చెప్పేది ఒకటే. వేలు పెట్టు, తేదీ, టైము, చోటు గుర్తుపెట్టుకుని తర్వాత రాసుకో. సెక్షను గెలిచి రాత్రంతా బెంచీ మీద కూర్చోవడం కన్నా ఇదే మేలు.

స్టేషనుకు తీసుకెళ్లాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మర్యాదగా అడగాలి. “సార్, నన్ను అరెస్టు చేసినట్టా? ఏ సెక్షను?” దీని వెనక ఒక చరిత్ర ఉంది. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 41(2) కింద, 109, 110 సెక్షన్లకు (అనుమానితులు, పాత నేరస్థుల మీదివి) తగిన మనిషని తోస్తే స్టేషను ఇన్‌చార్జి అయిన ఎస్‌హెచ్‌ఓ వారంటు లేకుండా అరెస్టు చేయగలిగేవారు. ఆ అధికారాన్ని సవరణతో తీసేశారు, ఆ సవరణ 2010 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త కోడ్ బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ అది తిరిగి రాలేదు. అందుకే ఇప్పుడు ముందుజాగ్రత్త అరెస్టు చూపించాలంటే 170 సెక్షను, అంటే పాత 151, వాడతారు. దానికి మనిషి పోలీసు కేసయ్యే నేరం చేయబోతున్నాడని, అరెస్టు చేస్తే తప్ప ఆపలేమని అధికారికి తెలిసి ఉండాలి. ఆ సెక్షను మీద 24 గంటలు దాటి ఉంచడానికి వీల్లేదు. దాంతోపాటు 172 అని కొత్తది వచ్చింది. పోలీసు చట్టప్రకారం ఇచ్చిన ఆదేశాన్ని పాటించనివాణ్ణి పక్కకు తీసుకెళ్లి, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలేయొచ్చు. “ఇక్కణ్ణుంచి లేచి పో” అన్నప్పుడు మొండికేస్తే పట్టేది ఇదే. లేచి పోతే పోయేదానికి కూర్చుని వాదించొద్దని చెప్పేది అందుకే.

అరెస్టే అయితే కారణాలు చెప్పాలి, అది ఆ కొత్త కోడ్‌లో సెక్షను 47. ఇంటివాళ్లకో స్నేహితుడికో తెలియజేయాలి, అది 48. వకీలును కలవనివ్వాలి, అది 38. ఆడవాళ్లను సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా, అసాధారణ పరిస్థితి ఉండి, మహిళా అధికారి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తెచ్చుకుంటే తప్ప, అరెస్టు చేయకూడదు. పద్దెనిమిది నిండని పిల్లల మీద బైండోవర్ ప్రొసీడింగే నడవదు, బాల న్యాయ చట్టం 2015లో సెక్షను 22 ఆ సంగతి చెబుతుంది. ఇల్లొదిలి వచ్చిన పిల్లవాడు స్టేషనులో కనబడితే 1098కి చెప్పడమే దారి.

చాలా రాత్రుళ్లు మాత్రం అరెస్టూ ఉండదు, విడుదలా ఉండదు. ఫోను తీసుకుని బెంచీ మీద కూర్చోబెడతారు. తెల్లారాక ఫొటో తీసుకుని పొమ్మంటారు. కాగితం ఏదీ పుట్టదు. ఫోను పోయాక ఒక్క నంబరూ గుర్తులేక మనిషి అల్లాడేది అప్పుడే. అందుకే ఇంట్లో ఒకరి నంబరు కంఠతా ఉండాలి. 15100కి ఫోను చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయ పరిమితి లెక్క లేదు. చేయి చేసుకున్నారని ఫిర్యాదు ఉంటే ఆలస్యం చేయొద్దు. స్టేషను సీసీ కెమెరా రికార్డింగు 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది, అయినా ఫలానా తేదీ, ఫలానా గంటల ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాసి ఇస్తేనే అది నిలబడుతుంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం తేలికైన దారి.

ఇక కాగితం పుడితే అది ఏ రకం కాగితమో ముందు తేల్చుకోవాలి. అన్నీ ఒకటి కావు.

రైల్వే ప్లాట్‌ఫారం మీద, స్టేషను ఆవరణలో దొరికితే అది రైల్వే చట్టం 1989, సెక్షను 147. ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు, రెండు గంటలే చెల్లుతుంది. రాత్రి తొమ్మిదికి కొని తెల్లారేదాకా పడుకుంటే అనుమతి లేకుండా ఉన్నట్టే. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) రైల్వే మేజిస్ట్రేటు ముందు పెడుతుంది. ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి దాకా జరిమానా అని చట్టంలో ఉంది. తక్షణం ఒప్పుకుని కట్టేసి పోదామని అందరికీ అనిపిస్తుంది. కానీ నేరం ఒప్పుకుంటే అది శిక్ష, రికార్డులో శిక్షగానే ఉంటుంది. రోడ్డు దాటి విష్ణునివాసం వైపు వస్తే చట్టమూ మారుతుంది, పోలీసూ మారతారు.

తాగి గొడవ చేస్తే, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 355. 24 గంటల జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా సామాజిక సేవ. దారికి అడ్డంగా బండి పెడితే 285, ఐదు వేల దాకా జరిమానా. 1889 నాటి టౌన్ న్యూసెన్స్ చట్టం కింద పెట్టీ కేసులూ ఉన్నాయి. ఆడవాళ్ల మీద ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం సెక్షను 8 వాడతామని బెదిరించడం వింటుంటాను. ఆ సెక్షనుకు వ్యభిచారం కోసమే అక్కడ తచ్చాడుతున్నట్టు చూపించాలి, ఊరికే నిలబడటం చాలదు. పైగా ఆ చట్టం కింద వారంటు లేకుండా అరెస్టు చేయాల్సింది ప్రత్యేక పోలీసు అధికారి, లేదా ఆయన ఆదేశం మీద.

మిగిలింది బైండోవర్. దీని మీదే ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలా చిన్న విషయం అనుకుంటారు.

ఎస్‌ఐ నుంచి తహసీల్దారుకు, ఫలానా మనిషిని బైండోవర్ చేయమని కోరుతూ ఒక రిక్విజిషను వెళ్తుంది. ఎక్కడ దొరికాడో ఆ మండలం తహసీల్దారుకే వెళ్తుంది. తిరుచానూరులో పట్టుకున్న మనిషి కోసం అర్బన్ ఆఫీసులో కూర్చుంటే లాభం లేదు, అది రూరల్. ఇక్కణ్ణుంచి చెప్పే అంకెలు కొత్త కోడ్ బీఎన్‌ఎస్‌ఎస్‌వి, పాత అంటే సీఆర్‌పీసీవి. అనుమానితుల సెక్షను 128, పాత 109. గొడవలకు సంబంధించింది 126, పాత 107. పాత నేరస్థులది 129, పాత 110, దాని గడువు మూడేళ్ల దాకా పోతుంది. 128 కింద ఏడాదికి మించకూడదు. కాగితంలో ఏ అంకె ఉందో ముందు చూడాలి. 128 ఉండాల్సిన చోట 129 పడితే మనిషి పాత నేరస్థుడి లెక్కలోకి పోతాడు.

రిక్విజిషను చదివితే వాక్యాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. “రాత్రి గస్తీలో ఉండగా పోలీసులను చూసి తప్పించుకోబోయాడు. ఎలాంటి జీవనాధారం లేదు. తన గురించి సరైన వివరం చెప్పలేకపోయాడు.” ఈ మూడింటిలో చివరి రెండూ 1898 నాటి కోడ్‌లోవి. కనబడే జీవనాధారం లేనివాడు, తన గురించి చెప్పుకోలేనివాడు అనే ముక్క అప్పటి 109లో ఉండేది. 1973 కోడ్ రాసినప్పుడు దాన్ని తీసేశారు. పేదవాడై ఉండటం కారణంగా బాండు అడగడానికి అప్పటినుంచి చట్టంలో చోటు లేదు. చట్టం మారినా స్టేషనులో కాగితాలు రాసే రైటరు చేతిలో నమూనా మారలేదు.

ఇప్పుడున్న 128కి కావలసినవి రెండు. మనిషి తన ఉనికిని దాచుకునే జాగ్రత్తలు తీసుకుంటూ ఉండాలి. అలా దాచుకోవడం పోలీసు కేసయ్యే నేరం చేయడానికే అని నమ్మే కారణం ఉండాలి. రెండూ ఉండాలి, ఒకటి చాలదు. హైమాస్ట్ లైటు కింద, సీసీ కెమెరా ఎదురుగా, పదిమంది మధ్య బెంచీ మీద పడుకున్నవాడు దేన్ని దాచుకున్నట్టు? జవాబు రాసేటప్పుడు నేను పెట్టించే మొదటి వాక్యం ఇదే. దానికి జతగా ఆ రాత్రి బస్సు టికెట్టు, టోకెను, ఓనరు ఇచ్చిన ఉత్తరం.

తహసీల్దారు వెంటనే బాండు రాయించుకోకూడదు. ముందు 130 కింద లిఖిత ఉత్తర్వు ఇవ్వాలి. అందిన సమాచారం సారాంశం, బాండు మొత్తం, ఎంత కాలానికి, జామీనుదారులు ఎందరు, ఎలాంటివాళ్లు అయి ఉండాలి, ఇవన్నీ అందులో ఉండాలి. మనిషి ఎదురుగా ఉంటే చదివి వినిపించాలి, అడిగితే వివరించాలి. తర్వాత 135 కింద విచారణ. సాక్ష్యం తీసుకుని, అవసరమని రుజువైతేనే 136 కింద బాండు ఉత్తర్వు. లేకపోతే 137 కింద వదిలేయాలి. విచారణ మొదలైన ఆరు నెలల్లో ముగియకపోతే, ప్రత్యేక కారణాలు రాసి పొడిగిస్తే తప్ప, ప్రొసీడింగు దానంతటదే పోతుంది. 1970లో మధు లిమయే కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం బైండోవర్ సెక్షన్లున్న అధ్యాయాన్ని సమర్థిస్తూనే, విచారణ మొదలుపెట్టకుండా మధ్యంతర బాండు అడగకూడదని చెప్పింది.

ఆఫీసులో జరిగేది వేరు. టైపు చేసిన బాండు సిద్ధంగా ఉంటుంది. “సంతకం పెట్టి పో నాయనా, ఇంకేం ఉండదు” అంటారు. ఆ మాటలో చెడు ఉద్దేశం ఉండదు, వాళ్లకు పని తొందర. తిరుపతి తహసీల్దారుకు వీఐపీ ప్రోటోకాల్ డ్యూటీలు ఊపిరాడనివ్వవు, ఏ రోజు సీట్లో ఉంటారో ఆఫీసులోనే ఎవరూ చెప్పలేరు. రోజు కూలీ పోగొట్టుకుని వాయిదాలకు తిరగలేక మనిషి పెట్టేస్తాడు. పెట్టేముందు కనీసం మూడు చేయాలి. 130 ఉత్తర్వు కాపీ అడగాలి. ఆ ప్రొసీడింగుకు వేసిన ఎం.సి. నంబరు రాసుకోవాలి. “నాకు విచారణ కావాలి, జవాబు ఇచ్చుకోవడానికి గడువు ఇవ్వండి” అని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే అడిగినట్టు రుజువు లేదు.

బాండు మొత్తం చూసి గుండె ఆగినంత పని అవుతుంది. యాభై వేలు, లక్ష అంకెలు మామూలుగా కనిపిస్తాయి. ఆ రోజు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. షరతు మీరితే అంత కట్టడానికి బాధ్యుణ్ణని రాసివ్వడమే బాండు. ఈ సంగతి తెలియక ఊరినుంచి అప్పు తెప్పించుకునేవాళ్లున్నారు, మెట్ల దగ్గర నిలబడి “నేను కట్టించి పెడతా” అని ఆ డబ్బు పుచ్చుకునేవాళ్లూ ఉన్నారు. మొత్తం మనిషి పరిస్థితికి తగ్గట్టు ఉండాలని, మితిమీరకూడదని 136లోనే ఉంది. నెలకు పన్నెండు వేలు తెచ్చుకునేవాడికి లక్ష ఎందుకని రాతలో అడగాలి.

జామీను దగ్గర ఇంకో చిక్కు. ఇద్దరు కావాలి, తిరుపతివాళ్లే కావాలి అంటారు. కాగితాలు ఇవీ: జామీనుదారు ఆధార్ నకలు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఇంటి పన్ను రసీదు లేదా పొలం రికార్డు 1బీ నకలు, ఉద్యోగి అయితే జీతం చీటీ. పన్ను రసీదు తండ్రి పేరు మీద ఉండి కొడుకు జామీనుకొస్తే తిప్పి పంపుతారు, కాబట్టి పేరు సరిచూసుకునే రమ్మనాలి. పొరుగు జిల్లా మనిషి అనే ఒక్క కారణంతో జామీను కాదనకూడదని మోతీరామ్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాదనాలంటే 140 కింద విచారించి కారణాలు రాయాలి. జామీనుదారులు దొరకనివాడు సొంత పూచీకత్తు మీద వదలమని రాసి అడగొచ్చు. అడగకుండా ఊరుకుంటే 141 ఉంది. జామీను ఇవ్వలేకపోతే ఆ గడువంతా, లేదా జామీను ఇచ్చేదాకా జైలు. ఏ నేరమూ చేయని మనిషి తెలిసినవాళ్లు లేరన్న కారణంతో లోపలికి పోయే దారి ఇదొక్కటే నాకు తెలిసి. అలా పోయినవాణ్ణి వదిలినా ప్రమాదం లేదనుకుంటే 142 కింద కలెక్టరు విడుదల చేయొచ్చు, మొత్తం తగ్గించొచ్చు. ఆ అర్జీ పెట్టేవాళ్లే తక్కువ.

బైండోవర్ శిక్ష కాదు. అది నిజం. కానీ కేంద్ర ఉద్యోగాల అటెస్టేషను ఫారంలో అరెస్టయ్యారా, శిక్ష పడిందా అనే ప్రశ్నల పక్కనే బాండుతో కట్టుబడ్డారా అనీ అడుగుతారు. తిరుపతి నిండా కానిస్టేబులు, గ్రూప్స్, రైల్వే పరీక్షలకు చదివే పిల్లలే. టీకి పోయి దొరికినవాడు, త్వరగా రూముకు పోవాలని సంతకం పెట్టినవాడు, రెండేళ్ల తర్వాత ఆ గడిలో ఏం రాయాలో తెలియక వస్తాడు. అవును అనే రాయాలి. లేదని రాస్తే బైండోవర్ కన్నా ఆ దాపరికమే ఉద్యోగాన్ని తినేస్తుంది. పైగా ఉత్తర్వు పడితే వేలిముద్రలు, ఫొటోలు చట్టబద్ధంగానే తీసుకుంటారు, జాతీయ రికార్డుల్లో వాటిని 75 ఏళ్ల దాకా ఉంచొచ్చు.

ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది, సెక్షను 414, గడువు 30 రోజులు. అప్పీలుకు సర్టిఫైడ్ కాపీ కావాలి. కాపీకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది చేతికొచ్చేదాకా పట్టిన కాలం గడువులోంచి మినహాయిస్తారు, అందుకని దరఖాస్తు మొదటి రోజే పెట్టేయాలి. అప్పీలుకు పోకపోయినా కాపీ మాత్రం తీసుకోవాలి. ఏ సెక్షను, ఎంత కాలం, ఎప్పటికి ముగిసింది అన్నవి అందులో ఉంటాయి. గడువు ముగిసిన తర్వాత, ఆ కాలంలో ఉల్లంఘన ఏదీ లేదని అదే ఆఫీసులో రాయించుకుని రెండూ కలిపి దాచుకుంటే, వెరిఫికేషనుకు వచ్చిన కానిస్టేబులు చేతిలో పెట్టడానికి ఆ రెండు కాగితాలు చాలు.